తుపాను భయం - గంటల లెక్క

"తుపాను వస్తోంది" అనగానే గుండె గుబేలుమంటుంది. ఉద్దానం పిల్లలకు ఈ భయం కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున 'తిత్లీ' తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి.

భయపడటం తప్పా? కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు మన శరీరంలో ఎడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలు పరుగుకు సిద్ధమవుతాయి. అయితే ఏం చేయాలో తెలియకపోతే ఆ శక్తి కంగారుగా మారి, కాలం వృథా అవుతుంది.

కాబట్టి లెక్క వేద్దాం. తుపానులో గాలి సుడి తిరిగే వేగం వేరు. తుపాను ముందుకు కదిలే వేగం వేరు. సుడిగాలి వేగం 150 కిలోమీటర్లున్నా, తుపాను గంటకు 15 కిలోమీటర్లే కదలవచ్చు. అది 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే, 300ను 15తో భాగించండి. 20 గంటలు! అయితే గాలివాన తుపాను కేంద్రం కంటే ముందే వస్తుంది. తుపాను దారి, వేగం మారవచ్చు. కనుక 10 గంటల్లోనే పనులు ముగించాలి.

ముందుగా ముసలివారిని, పసిపిల్లలను పక్కా భవనానికి చేర్చాలి. పశువుల పలుపులు విప్పాలి. తాగునీరు పట్టి ఉంచాలి. పుస్తకాలు, రేషను కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి.

గాలి హఠాత్తుగా ఆగితే బయటికి పరుగెత్తకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

మీ ఇంట్లో ఎవరు ఏ పని చేయాలో ఈ రోజే రాసి గోడకు అంటించండి. చేయవలసిన పని తెలిసినవారిని భయం కట్టిపడేయదు.