కారు ప్రయాణమూ – వేగధారణా

ఆయుర్వేదం రోగకారణాలను చెప్పేటప్పుడు ఆహారదోషాలతో సమానంగా ఎంచిన మరొక కారణం వేగధారణ. ఇక్కడ వేగమంటే బండి పరుగు కాదు. శరీరం తనంత తానుగా తెలియజేసే సహజమైన అవసరాన్ని శాస్త్రం వేగమన్నది. దానిని బిగబట్టుకొనుటయే వేగధారణ. చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం, అష్టాంగహృదయం సూత్రస్థానంలోని నాలుగవ అధ్యాయం ఈ విషయంతోనే ప్రారంభమవుతాయి. అపానవాయువు, మలం, మూత్రం, తుమ్ము, దప్పిక, ఆకలి, నిద్ర, దగ్గు, శ్రమవల్ల కలిగే ఆయాసం, ఆవులింత, కన్నీరు, వాంతి, శుక్రం అనే పదమూడు వేగాలను ఆపరాదని వాగ్భటుడు చెప్పినాడు.

కుటుంబంతో కారులో విహారయాత్రకు బయలుదేరినవారు వీటిలో అయిదారింటిని ఒక్క పూటలోనే అణచివేస్తూ ఉంటారు. "మధ్యాహ్నానికల్లా చేరుకోవాలి" అన్న ఒక్క మాటతో బండిలోని వృద్ధులు, స్త్రీలు, పిల్లలు నోరు మూసుకొని కూర్చుంటారు. ఎక్కువగా నష్టపడేది కూడా వారే.

మా అక్కయ్యకు అరవై రెండేళ్లు, మధుమేహం ఉన్నది. రెండేళ్ల క్రిందట ఒక పెళ్లికి కారులో పోయివచ్చిన మూడవనాడు మూత్రంలో మంట, నడుము నొప్పి, చలిజ్వరం పట్టుకొన్నాయి. మూత్రపిండాల వరకు సోకినదని వైద్యులు చెప్పగా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండవలసివచ్చింది. విచారిస్తే తేలినదేమంటే, దారిలో బండి ఆపమని అడగడం ఇష్టంలేక ఆమె ముందునాటి రాత్రి నుంచే నీళ్లు త్రాగడం మానివేసింది. ఒక పెట్రోలు బంకులో ఆగినప్పుడు స్త్రీల మరుగుదొడ్డికి తాళం వేసి ఉన్నదట. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో అక్కడివారికే తెలియలేదట. దప్పిక, మూత్రం అనే రెండు వేగాలను ఆమె పది గంటలు అణచుకొన్నది. నీరు తక్కువై చిక్కబడిన మూత్రం సంచిలో నిలిచిపోతే సూక్ష్మక్రిములు పెరగడానికి అవకాశం కలుగుతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ. మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా పోవడం, తలనొప్పి కలుగుతాయని చరకుడు చెప్పిన లక్షణాలను నేటి ఇల్లాళ్లలో నేను తరచుగా చూస్తున్నాను.

నిరుడు కార్తీకమాసంలో మేము ఏడుగురం విశాఖపట్నం నుంచి అరకు వెళ్లినాము. దారి సుమారు 115 కిలోమీటర్లు. ఆగకుండా నడిపితే మూడు గంటలకు పైగా పడుతుంది. నేను ఆరు గంటల సమయం పెట్టుకొని, ఎక్కడెక్కడ ఆగాలో ముందే కాగితంపై వ్రాసుకొన్నాను. బయలుదేరుతుండగానే అక్కయ్య, "తమ్ముడూ, నా ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపుతావా?" అన్నది. "నీ కోసం కాదక్కా, అందరి కోసమూ ఆపుతున్నాను" అని ఆమె చేతికి నీళ్లసీసా ఇచ్చినాను.

మొదటి మజిలీ శృంగవరపుకోట. ఘాటు ఎక్కకముందే ఫలహారం ముగించడం అవసరం. ఖాళీ కడుపుతో మలుపులు ఎక్కినా వికారమే, నూనె పూరీలు నిండుగా తిన్నా వికారమే. రెండు ఇడ్లీలు, కారం లేని చట్నీ చాలు. కడుపులో మూడవవంతు ఖాళీగా ఉంచుకోవాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మందు వేసుకొని తిండి ఆలస్యం చేయరాదు. ఆకలివేగాన్ని అణచడం వారికి ప్రాణాపాయం కూడా కావచ్చును. రెండు బిస్కట్లు, కాస్త పంచదార చేతికందేటట్లు ఉండాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలరాదు.

అనంతగిరి కొండలలో మలుపులు మొదలైన తరువాత పిల్లల సంగతి వస్తుంది. చెవి లోపల సమతుల్యతను కాపాడే అవయవం "కదులుతున్నాము" అంటుంది. పుస్తకం మీదనో సెల్‌ఫోను మీదనో ఉన్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఈ రెండింటి వైరుధ్యమే ప్రయాణపు వాంతికి మూలం. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు పిల్లలలో ఇది ఎక్కువ. ఫోను తీసివేసి, దూరపు కొండశిఖరాన్ని చూడమనాలి. కిటికీ అద్దం కొంచెం దించాలి. పెద్దవారికైతే ముందుసీటు మేలు.

గృహవైద్యంలో దీనికి అల్లాన్ని మించినది లేదని నా అభిప్రాయం. ప్రయాణానికి అరగంట ముందు పెద్దలు పావుచెంచా శొంఠిపొడిని తేనెతో సేవించవచ్చును. పిల్లలకు చిన్న అల్లం మురబ్బా బిళ్ల చాలు. బస్సుస్టాండ్లలో ఈ బిళ్లలను అమ్మేవారు ఊరకే అమ్మేవారు కాదు. ఏడాది నిండని శిశువులకు తేనె పనికిరాదు. అమ్లపిత్తం ఉన్నవారు, రక్తం పలుచబడడానికి మందులు వాడేవారు శొంఠిని వైద్యుని అడిగి తీసుకోవాలి. వాంతి నిరోధక మాత్రలలో చాలావరకు నిద్ర కలిగించేవే కనుక బండి నడిపేవారు వాటి జోలికి పోరాదు.

ఇంత చేసినా టైడా దాటిన తరువాత మా మనుమడు ముఖం తెల్లబడి, చెమట పట్టి, ఉమ్మి మింగసాగినాడు. వాడి తల్లి "ఆపుకో నాన్నా, వచ్చేశాం" అన్నది. వాంతి కూడా ఆపరాని వేగాలలో ఒకటి. అనువైన చోట బండి నిలిపి, వాడిని దింపి, కక్కనిచ్చి, నోరు కడిగించి, పావుగంట చెట్టునీడన నడిపించినాము. తరువాత గుక్కెడు గుక్కెడుగా నీరు ఇచ్చినాము. వాంతులు మళ్లీ మళ్లీ అవుతుంటే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి ఇవ్వాలి. ఉప్పు ఎక్కువైతే అపకారమే.

బొర్రా గుహలలో మెట్లు దిగడం తేలిక, ఎక్కడం శ్రమ. సున్నపురాతి ఊడలను చూస్తూ దిగినవారు తిరిగి ఎక్కేటప్పుడు వెనుక వచ్చేవారి తొందరకు లోబడి ఆయాసాన్ని అణచుకుంటారు. శ్రమశ్వాసను ఆపితే హృదయానికి కీడు అని శాస్త్రం హెచ్చరించింది. పది మెట్లకొకసారి ప్రక్కకు తొలగి నిలబడాలి. ఛాతీలో బరువు, ఎడమచేయి లాగడం ఉంటే అది శ్రమ అని సరిపెట్టుకోక వెంటనే వైద్యసహాయం పొందాలి.

గాలికొండ దగ్గర దిగి లోయను చూచినాము. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. మర్యాద కోసం ఆవులింతను మింగక నోరారా ఆవులిస్తే చెవులు విడిపోతాయి. చలివేళ దప్పిక తెలియదు కనుక ఆగిన ప్రతిచోటా అరగ్లాసు నీరు త్రాగినాము. గంటల తరబడి కాళ్లు వ్రేలాడవేసి కూర్చుంటే పాదాలకు నీరు దిగుతుంది. రెండు గంటలకు మించకుండా దిగి అయిదు నిమిషాలు నడవాలి. ఒక్క కాలికే వాపు, పిక్కలో నొప్పి ఉంటే మర్దన చేయక వైద్యునికి చూపాలి. వలిసె పూలు పసుపు పరచినట్లున్న చేల ప్రక్కన అక్కయ్య బండి ఆపమని తానే అడిగింది.

వేగాన్ని ఆపడమే కాదు, రాని వేగాన్ని బలవంతంగా రప్పించడమూ తప్పేనని వాగ్భటుని మతం. ఆగిన ప్రతిసారీ పిల్లలను "పోసి రా" అని తరిమే తల్లులు ఇది గమనించాలి.

తిరుగు ప్రయాణంలో అందరికంటె ముఖ్యమైన వేగం బండి నడిపేవారి నిద్ర. బొంగు చికెన్, అన్నం కడుపునిండా తిని వెంటనే ఘాటు దిగరాదు. కనురెప్పలు బరువెక్కితే కాఫీతో నిద్రను తరమడం కంటె, బండి ప్రక్కకు నిలిపి, కిటికీలు కొంచెం తెరచి, ఇరవై నిమిషాలు పడుకోవడం మేలు. లేచిన తరువాత ముఖం కడుక్కొని, నాలుగడుగులు నడిచి బయలుదేరాలి.

ఇంటికి చేరిన తరువాత మూత్రం పచ్చగా, కొద్దిపాటి మంటతో వస్తే నీరు బాగా త్రాగుతూ, రెండు చెంచాల ధనియాలను రాత్రి గ్లాసు నీటిలో నానవేసి ఉదయం వడగట్టి రెండు రోజులు పుచ్చుకోవచ్చును. చలి, జ్వరం, నడుము నొప్పి, మూత్రంలో రక్తం వీటిలో ఏది కనిపించినా, మధుమేహులు, గర్భిణులు అయితే మంట మొదలైన నాడే, మూత్రపరీక్ష చేయించుకోవాలి.