సోంగ్‌క్రాన్‌కు ఊరికి పోదామనుకునే కొత్తవాళ్ళకు

మార్చి నెల వచ్చిందంటే థాయ్‌లాండ్‌లోని మా శ్రీరాచాలో కొత్త మొహాలు కనబడతాయి. మాలూరు, నర్సాపుర, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో కొన్నాళ్ళు పనిచేసి చోన్‌బురి, రయోంగ్ ఆటో విడిభాగాల కంపెనీలకు వచ్చే కుర్రాళ్ళు. కోలారువాళ్ళు, చిత్తూరువాళ్ళు, అనంతపురంవాళ్ళు, అప్పుడప్పుడూ ఒక వరంగల్ అబ్బాయి. గది దొరక్కముందే, బియ్యం ఎక్కడ కొనాలో తెలియకముందే, కంపెనీ ఇచ్చిన సెలవుల చీటీ మాత్రం శ్రద్ధగా చదువుతారు. "అన్నా, ఏప్రిల్‌లో థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్‌కు వరసగా ఐదు దినాలు సెలవంట. ఊరికి పోయొస్తా. టికెట్ గూడా బుక్ చేసేసినా."

రీ-ఎంట్రీ తీసుకున్నావా అంటే, అదేంటి అంటారు. ఏమప్పా, దేశం దాటి వచ్చినవాళ్ళు కదా మీరు, వీసా కాగితం మీద ఏముందో ఒక్కసారైనా చదివినారా?

దాని సంగతి తర్వాత దులుపుతాను. ముందు తేలికవి.

రాచకుటుంబపు సెలవులు తేదీల ప్రకారం వస్తాయి: ఏప్రిల్ 6 చక్రీ వంశం దినం, మే 4 పట్టాభిషేక దినం, జూన్ 3 రాణి పుట్టినరోజు, జూలై 28 రాజు పుట్టినరోజు, ఆగస్టు 12 అమ్మల దినం, అక్టోబరు 13, 23 పాత రాజుల స్మారక దినాలు, డిసెంబరు 5 నాన్నల దినం. డిసెంబరు 10 రాజ్యాంగ దినం, 1932 రాజ్యాంగానికి గుర్తు. రాజు గురించి జోకులు వేయకండి, ఫోన్లో కూడా వద్దు. 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 15 ఏళ్ళదాకా జైలు పడుతుంది. దీని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

సెలవు శని ఆదివారాల్లో పడితే సోమవారం ఇస్తారు. మనకు లేని ఈ సుఖానికి అందరూ ఒక్కరోజులో అలవాటుపడతారు.

ప్రభుత్వ క్యాలెండరు, బ్యాంకు క్యాలెండరు, మీ కంపెనీ క్యాలెండరు మూడూ ఒకటి కాదని మాత్రం గుర్తుంచుకోండి. చట్టం ప్రకారం కంపెనీ ఏడాదికి కనీసం 13 పండగ సెలవులు ఇవ్వాలి, ఏవివ్వాలో చాలావరకు కంపెనీ ఇష్టం. మే 1న బ్యాంకులు, ఫ్యాక్టరీలు మూస్తారు, ప్రభుత్వ ఆఫీసులు తెరిచే ఉంటాయి. మే నెలలోనే వచ్చే రాజ దుక్కి పండగనాడు దానికి తలకిందులు: ప్రభుత్వ ఆఫీసులు మూత, బ్యాంకులు, ఫ్యాక్టరీలు మామూలే. ఆ రోజు కంపెనీలో పర్మిషన్ పెట్టుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి, మూసిన గేటు ఫోటో తీసి నాకు పంపినవాళ్ళున్నారు. నాకెందుకు పంపుతారు? నేను తెరుస్తానా?

ఆ దుక్కి పండగను మాత్రం ఒకసారి టీవీలోనైనా చూడండి. బ్యాంకాక్‌లో సనామ్ లువాంగ్ మైదానంలో తెల్లబట్టల బ్రాహ్మణులు శంఖాలు ఊదుతుంటే, అలంకరించిన రెండు ఎద్దులతో సాలు తీస్తారు. విత్తనాలు చల్లుతారు. తర్వాత ఎద్దుల ముందు ఏడు రకాలు పెడతారు: వడ్లు, మొక్కజొన్న, పెసలు, నువ్వులు, గడ్డి, నీళ్ళు, సారా. అవి దేనికి మూతి పెడితే దాన్నిబట్టి ఆ ఏడాది వానలూ పంటలూ ఎలా ఉంటాయో చెబుతారు. కోలారు జిల్లాలో మా టేకల్‌లో ఎద్దులను అడిగే పద్ధతి లేదు, ఆకాశాన్నే అడుగుతాం. గుండ్ల కొండల సందుల్లో ఉన్న కాస్త చేలో రాగులూ ఉలవలూ చల్లి, వాన కోసం చెయ్యి నొసట పెట్టుకుని చూస్తాం. చల్లిన విత్తనాల కోసం జనం మైదానంలోకి ఎగబడి ఒక్కో గింజ ఏరుకుంటుంటే నాకు ఏరువాక గుర్తొస్తుంది, ఆ రోజు మా తాత ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తూ ఎవరితోనూ మాట్లాడకపోవడం గుర్తొస్తుంది.

సరే, రీ-ఎంట్రీ.

మీ పాస్‌పోర్టులో నాన్-ఇమిగ్రెంట్ బి వీసా ఉంటుంది, దాని మీద ఏడాది పొడిగింపు ముద్ర ఉంటుంది. ఫలానా తేదీదాకా ఉండవచ్చని అందులో రాసి ఉంటుంది. అది చూసి, అప్పటిదాకా పోవచ్చు రావచ్చు అనుకుంటారు. కాదు. అది ఉండటానికి అనుమతి, పోయి రావడానికి కాదు. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఒక్కసారి విమానం ఎక్కి ఎగ్జిట్ ముద్ర పడిందంటే ఆ పొడిగింపు అక్కడికక్కడే చచ్చింది. ఇంకా పది నెలలు మిగిలున్నా సరే. దాని వెంట వర్క్ పర్మిట్ కూడా పోతుంది. ఒక్కసారి పోయి రావడానికి వెయ్యి బాట్లు, ఎన్నిసార్లయినా పోయి రావడానికి 3,800 బాట్లు. టీఎం 8 అనే ఫారం, ఒక ఫోటో, పాస్‌పోర్టు జిరాక్సులు. అంతే పని. దీనికోసం ఎంతమంది ఉద్యోగాలు ఊగిసలాడాయో!

నా సంగతే చెబుతాను. 2013లో ఉగాది ఏప్రిల్ 11న పడింది. రెండు రోజులు లీవు పెడితే దానికి సోంగ్‌క్రాన్ సెలవులు అతుక్కున్నాయి. ఇంతకంటే అదృష్టముందా అనుకుని పోయాను. కృష్ణరాజపురంలో ప్యాసింజరు ఎక్కాను. మాలూరు దాటగానే కిటికీకి అటూ ఇటూ బండలు మొదలవుతాయి, ఒకదాని నెత్తిన ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయన్నట్టు. అవి కనబడగానే లేచి సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడటం చిన్నప్పటి అలవాటు. పండగనాడు ఓళిగలు, మర్నాడు వర్షతొడకు. తెలంగాణవాళ్ళకీ గోదావరివాళ్ళకీ ఈ మాట తెలియదు: ఉగాది మర్నాడు మా సీమలో ఇంటింటా మాంసం ఉడకాల్సిందే, ఆ రోజు ఎలా గడిస్తే ఏడాదంతా అలాగే గడుస్తుందని నమ్మకం. సంగటి ముద్దా, వేట మాంసం పులుసూ, వరదరాజస్వామి గుడి ముందు స్నేహితులు. ఆ ఏడాదంతా అలాగే గడుస్తుందని నేనూ నమ్మాను.

తిరిగొచ్చి బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో క్యూలో నిలబడ్డాను. ఆఫీసరు నా పాస్‌పోర్టు పేజీలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పాడు. "రీ-ఎంట్రీ?" అన్నాడు. నేను నీలంరంగు వర్క్ పర్మిట్ పుస్తకం తీసి గర్వంగా ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. పెన్సిల్‌తో నా పొడిగింపు ముద్ర చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, వీసా ఆన్ అరైవల్ క్యూ ఎటో చూపించాడు. కోపం లేదు, నవ్వు లేదు. పదిహేను రోజుల ముద్రతో లోపలికి వచ్చాను. కంపెనీలో కాగితాలు చూసే ఆవిడకు ఫోన్ చేస్తే ఎత్తదు. ఎందుకెత్తుతుంది, సోంగ్‌క్రాన్ కదా, ఈశాన్య థాయ్‌లాండ్ ఈసాన్‌లో వాళ్ళ ఊళ్ళో అమ్మ చేతుల మీద పన్నీరు పోస్తూ ఉంటుంది. ఆఫీసులు తెరిచాక మళ్ళీ మొదటి నుంచి కాగితాలు. రాత్రి బస్సులో నోంగ్‌ఖాయ్, స్నేహ వంతెన మీదుగా లావోస్, వియెంతియాన్‌లో థాయ్ కాన్సులేట్ ముందు ఎండలో వరస. ఆ నెల జీతంలో కోత. కొత్త వీసా, కొత్త పర్మిట్, కొత్త పొడిగింపు. వెయ్యి బాట్లతో పోయేదానికి.

ఇది పాత కథ అనుకోకండి, ఇప్పుడు ఇంకా ప్రమాదం. అప్పట్లో కనీసం ఆఫీసరు ఆపేవాడు. 2024 జూలై నుంచి ఇండియావాళ్ళకు వీసా లేకుండానే 60 రోజులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి, కానీ ఇలాంటి రోజుల్లో జరిగేదేమిటంటే, రీ-ఎంట్రీ లేకుండా తిరిగొచ్చినవాడికి ఎవరూ ఏమీ చెప్పకుండా టూరిస్టు ముద్ర కొట్టి పంపించేస్తారు. వాడు సంతోషంగా మర్నాడు డ్యూటీకి పోతాడు. వాడు ఇప్పుడు టూరిస్టు, పనిచేయడం చట్టవిరుద్ధం, వాడికే తెలియదు. పోయిన ఏడాది ఒక అబ్బాయి ఇమిగ్రేషన్‌లో తొంభై రోజులకోసారి ఇచ్చే రిపోర్టుకు పోయి అక్కడ తెలుసుకున్నాడు. అప్పటికే గడువు దాటింది. దాటిన రోజుకు 500 బాట్ల చొప్పున జరిమానా. వెనక్కి వచ్చిన ప్రతిసారీ, కౌంటరు వదిలే ముందే, ముద్ర మీద తేదీ చదవండి. చదవండి, చదవండి.

విమానాశ్రయంలో కూడా రీ-ఎంట్రీ ఇస్తారు కదా అన్నా, అని తెలివిగా అడిగేవాళ్ళుంటారు. ఇస్తారు, సువర్ణభూమిలో కౌంటరుంది. సోంగ్‌క్రాన్ ముందు రోజు రాత్రి సగం బ్యాంకాక్ ఆ విమానాశ్రయంలోనే ఉంటుంది. అక్కడ వరసలో నిలబడి గోళ్ళు కొరుక్కోవాలని ఉంటే మీ ఇష్టం. పొడిగింపు చేయించుకున్న రోజే, అదే ఆఫీసులో, పక్క కౌంటర్లో మల్టిపుల్ తీసుకుంటే ఏడాదంతా గొడవ లేదు. సింగిల్ తీసుకుని ఏప్రిల్‌లో వాడేసి, అక్టోబరులో అదే ముద్ర చూసుకుని మళ్ళీ విమానమెక్కిన మహానుభావుడు కూడా నాకు తెలుసు.

ఊరికి పోనివాళ్ళకు సోంగ్‌క్రాన్ సంగతి. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా, సూర్యుడు మేషంలోకి వచ్చే సమయం. కేజీఎఫ్‌లో మన తమిళవాళ్ళు కొత్త సంవత్సరం చేసుకునేది కూడా అప్పుడే. సోంగ్‌క్రాన్‌ను 2023 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అసలు పండగ ఇంట్లో, గుళ్ళో జరుగుతుంది: బుద్ధుడి విగ్రహానికి నీళ్ళు పోస్తారు, పెద్దవాళ్ళ అరచేతుల్లో పూలు వేసిన నీళ్ళు పోసి దీవెన తీసుకుంటారు. వీధిలో జరిగేది మీకు తెలిసిందే. పికప్ బండ్ల వెనక డ్రమ్ములు, డ్రమ్ముల్లో ఐసు గడ్డలు, ఎదురొచ్చినవాడి మీద బకెట్లు. భిక్షువుల మీద, ముసలివాళ్ళ మీద పోయకండి. మోటారు సైకిల్ తీయకండి. ఈ వారాన్ని ఇక్కడివాళ్ళే ఏడు ప్రమాద దినాలంటారు. మన చోన్‌బురిలో 15తో అయిపోయిందనుకుని ఇస్త్రీ చొక్కా వేయకండి. బాంగ్ సేన్‌లో 16, 17న ఇసుక స్తూపాలు కట్టి మళ్ళీ మొదలుపెడతారు, పట్టాయాలో 19న ఊరంతా తడుస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. కోలారు జిల్లాలో పుట్టినవాడికి ఎలా వస్తుంది? ఏడాదంతా పారే నది ఒక్కటి లేని సీమ. వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వచ్చే బోర్లు, ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసబెట్టి కూర్చున్న ఆడవాళ్ళు. 2018 నుంచి బెంగుళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి మా చెరువుల్లోకి వదులుతున్నారు, వాటిని చూసి సంతోషించే జనం మేము. ఎవరో చిన్నపిల్ల ప్లాస్టిక్ మగ్గుతో నా మెడ మీద చల్లటి నీళ్ళు పోసి "సవాస్దీ పీ మై" అంది, కొత్త ఏడాది శుభాకాంక్షలని. చొక్కా పిండుకుంటూ, ఈ నీళ్ళు మా వీధికి ఎన్ని రోజులొస్తాయో లెక్కేసుకున్నాను. ఇప్పటికీ వేస్తాను, కానీ బకెట్ కూడా పట్టుకుంటాను.

పౌర్ణమి సెలవులకు మన పంచాంగమే చాలు. మాఘ పౌర్ణమికి మఖ బూచా, వైశాఖ పౌర్ణమికి విసాఖ బూచా, ఆషాఢ పౌర్ణమికి ఆసాన్హ బూచా, మర్నాడు భిక్షువుల వానకాలపు దీక్ష మొదలు. అప్పుడప్పుడు ఒక రోజు తేడా: 2025లో బుద్ధ పూర్ణిమ మనకు మే 12, వాళ్ళకు మే 11. అధిక మాసం వచ్చిన ఏడాది ఏకంగా నెల తేడా. 2023లో మనకు మే 5న అయిపోతే ఇక్కడ జూన్ 3న చేశారు. కాబట్టి పంచాంగం చూసి మురిసిపోండి, టికెట్టు మాత్రం కంపెనీ చీటీ చూసి కొనండి. ఆ రోజుల్లో దుకాణాల్లో మందు అమ్మరు. ఈ ఒక్క నియమం మాత్రం కుర్రాళ్ళు ఎవరూ చెప్పకుండానే కనుక్కుంటారు, ముందు రోజే ఫ్రిజ్ నింపుతారు.

శాకాహారులకు ఏడాదిలో సుఖమైన తొమ్మిది రోజులున్నాయి. కిన్ జే అంటారు, చైనావాళ్ళ తొమ్మిదో నెలలో, దాదాపు మన నవరాత్రులప్పుడే వస్తుంది. బండ్ల మీద పసుపు జెండాలు ఎగిరిన చోట కళ్ళు మూసుకుని తినవచ్చు: మాంసం, గుడ్డు, చేపల సాసు ఏదీ వేయరు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. మా అమ్మమ్మ వచ్చినా తినేది. విజయదశమికి బ్యాంకాక్ సీలోమ్‌లో మారియమ్మ గుడి నుంచి ఊరేగింపు. రోడ్డంతా పసుపు, కొబ్బరికాయలు, థాయ్‌వాళ్ళే మనకంటే ఎక్కువ. నేను గంగమ్మ జాతర అనుకుని పోతాను.

కార్తీక పౌర్ణమికి లోయ్ క్రథోంగ్. అరటి బోదె ముక్క మీద ఆకు మడతలు గుచ్చి, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి నీళ్ళలో వదులుతారు. మన అరటిదొప్ప దీపమే. సెలవు కాదు, డ్యూటీ దిగాక పోండి.

ఉగాది, దీపావళి, సంక్రాంతి ఇక్కడ మామూలు పనిదినాలు. లీవు రెండు నెలల ముందే రాసివ్వండి. కారణం దగ్గర "పర్సనల్" అని రాయకండి, పండగ పేరు రాయండి. మా ఇంట్లో ఇది సోంగ్‌క్రాన్‌లాంటిదని చెబితే థాయ్ సూపర్‌వైజరు వెంటనే తలూపుతాడు, అమ్మ ఉందా అని అడుగుతాడు, దారిలో తినమని ఏదో పొట్లం కూడా ఇస్తాడు. పర్సనల్ అంటే ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి పోతున్నావనుకుంటాడు.