అల్లుడికి, పొడుగు చిట్టా సంగతి

డేటాబేస్‌ను "ఈ నంబర్లవాళ్ల వివరాలే కావాలి" అని విలువల చిట్టా ఇచ్చి అడిగే పద్ధతికి ఎస్‌క్యూఎల్‌లో 'ఇన్' అని పేరు. పది నంబర్లకు అది చక్కగా నడుస్తుంది. పదివేలైతే కొన్నిచోట్ల ఆగిపోతుంది, లేదా నడిచినట్టు కనిపిస్తుంది. అల్లుడి పోయిన ఉత్తరం చూస్తే ఈ రెండో రకంలా ఉంది.

ఒరాకిల్‌లో చాలాకాలం ఒక చిట్టాకు 1,000 విలువలే హద్దు. 23ఏఐ వెర్షన్‌లో అది 65,535కు పెరిగింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2,100 పారామీటర్ల దగ్గర ఆపేస్తుంది. సింగరేణి బొగ్గు గనుల కార్మికులు సుమారు 40 వేలు. అంతమంది ఎంప్లాయీ కోడ్లు పాత ఒరాకిల్‌కు ఇవ్వాలంటే 40 ముక్కలు. ముక్కలు చేయడం తప్పు కాదు. కానీ మొదటి ముక్కకు జవాబొచ్చి నలభయ్యోది అందేలోపు డేటా మారిపోవచ్చు, మొత్తాలన్నీ మళ్లీ కూడుకోవాలి. అలా కూడుతూ రాత్రి ఒంటిగంటదాకా కూర్చున్నట్టు ఉత్తరంలో ఉంది. అన్నం తిన్న సంగతి మాత్రం లేదు.

పొడుగు చిట్టా అంటే అదీ ఒక టేబులే. తాత్కాలిక టేబుల్లో పోసి, నంబరును ప్రైమరీ కీ చేసి, జాయిన్ చేయాలి. కీ ఎందుకంటే, 'ఇన్'లో ఒక నంబరు రెండుసార్లు పడినా రికార్డు ఒకసారే వస్తుంది. జాయిన్‌లో రెండుసార్లు వచ్చి ఒకరి జీతం రెండింతలవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టా మొత్తాన్ని ఒకే యారేగా పంపి 'ఎనీ'తో పోల్చవచ్చు. ఎంత పొడుగైనా అది ఒక్క పారామీటరే. చిట్టా అదే డేటాబేస్‌లోని వేరే టేబుల్ నుంచి తీసిందైతే, బయటికి తెచ్చి మళ్లీ లోపలికి మోయడం దండగ పని.

అసలు భయం 'నాట్ ఇన్' దగ్గరుంది. రామకృష్ణాపూర్‌లో బొగ్గు బాయి దిగే మనిషి లాంప్ రూంలో టోకెన్ బిళ్ల ఇచ్చి అదే నంబరు క్యాప్ ల్యాంపు తీసుకునేవాడు. పైకొచ్చి ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకునేవాడు. షిఫ్టు విడిచాక లాంప్ రూం బోర్డుకు మిగిలిన బిళ్లలే లోపలున్న మనుషుల లెక్క. దిగినవాళ్లలో పైకొచ్చినవాళ్ల చిట్టాలో లేనిదెవరు అన్న ఈ ప్రశ్ననే 'నాట్ ఇన్'తో రాసినప్పుడు, పైకొచ్చిన చిట్టాలో ఒక్క నల్, అంటే నంబరు పడని ఖాళీ గడి, ఉన్నా జవాబు సున్నా. ఆ ఖాళీ ఎవరిదైనా కావచ్చు కనుక ఫలానా మనిషి "లేడు" అని ఎస్‌క్యూఎల్ ఖాయంగా అనలేదు. "తెలియదు" అంటుంది, తెలియనివాటిని వడపోతలో పారేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. తెర మీద అందరూ పైకొచ్చినట్టే ఉంటుంది.

ఒక వానాకాలం రాత్రి నంబరు చెరిగిన ల్యాంపొకటి కౌంటర్ మీదికొచ్చింది, ఒక బిళ్ల బోర్డుకే ఉండిపోయింది. ఎవరిదో తేలేదాకా లాంప్ రూం పెద్దమనిషి ఒక్కరినీ కదలనివ్వలేదు. చివరికి ఆ బిళ్లవాడు క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ దొరికాడు. తిట్లు బాగానే పడ్డాయి, చాయ్ పైసలు మాత్రం పెద్దమనిషే కట్టాడు. చెరిగిన నంబరును ఖాళీగా వదిలేసి ఇంటికి పోయేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు.

'నాట్ ఎగ్జిస్ట్స్' రాస్తే ఈ చిక్కు లేదు. అది ఒక్కో మనిషికి సరిపోలే రికార్డు ఉందా అని చూస్తుంది. ఖాళీ గడి ఎవరితోనూ సరిపోలదు. నంబరు కాలమ్‌ను మొదట్లోనే 'నాట్ నల్' చేస్తే ఇంకా మేలు.

ఇక ఖాళీ చిట్టా. చాలా డేటాబేస్‌లలో 'ఇన్' తర్వాత వట్టి బ్రాకెట్లు సింటాక్స్ ఎర్రర్. అది తప్పించడానికి కొందరు షరతునే తీసేస్తారు, టేబులంతా వచ్చి మీద పడుతుంది. సాప్‌లోని 'ఫర్ ఆల్ ఎంట్రీస్'కు ఖాళీ చిట్టా ఇచ్చినా జరిగేది అదే. తాత్కాలిక టేబుల్‌తో ఇన్నర్ జాయిన్ చేసినవారికి ఈ బెడద లేదు, చిట్టా ఖాళీ అయితే జవాబూ ఖాళీయే.

ఆశీస్సులతో,
మామ