ప్రపంచము మన పొలిమేరకు వచ్చినపుడు నాయకుడెవడు?



'నాయకుడు' అను మాటను మీరు దినదినము వినుచున్నారు. తరగతికొక నాయకుడు, ఆటల జట్టునకొక నాయకుడు, పంచాయతికొక నాయకుడు, దేశమునకొక నాయకుడు కలరు. అయినను ఈ మాటకు మూలార్థమేమి? సంస్కృతమున 'నీ' అను ధాతువు కలదు. 'తోడ్కొనిపోవుట' అని దాని అర్థము. నాయకుడు, నేత అను మాటలు ఆ ధాతువునుండియే పుట్టినవి. మనలను దారి నడిపించునది గనుక కంటికి 'నయనము' అని పేరు వచ్చినది. 'వినయము' అను మాటయందును ఆ ధాతువే కలదు. కావున నాయకుడనగా ముందు నిలిచి కేకలు వేయువాడు కాడు. తనవారిని వెంట గొని గమ్యము చేర్చువాడు. అతనికి చూపు వలయును, వినయము వలయును. ఈ రెంటితోపాటు, ఒకచోటి అర్థమును మఱొకచోటికి చేర్చగల భాషయు వలయును. ఈ మూడు గుణములను మన తాలూకాలో జరిగిన యొక సంగతి ఆధారముగా విచారింతము.

ఎండ తెచ్చిన మార్పు

మన పావగడ తాలూకా కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చేరినది. దీనికి మూడువైపుల ఆంధ్రప్రదేశమే. ఇచట వానలు తక్కువ. వేరుసెనగ వేసి ఆకాశమువంక చూచుట మనవారికి తరతరముల అలవాటు. కఱవు వచ్చినపుడు బెంగుళూరునకు కూలికి పోవుటయు అలవాటే. అయితే వాన నీయని ఆకాశము ఎండను మాత్రము కొదువ లేక ఇచ్చుచున్నది. ఆ ఎండయే ప్రపంచమును మన యొద్దకు తెచ్చినది.

సౌరవిద్యుత్తు కొఱకు కర్ణాటకమున 2015లో ప్రత్యేకముగా ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. మన తాలూకాలోని తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అను ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల భూమిని ఆ సంస్థ తీసికొనెను. భూమిని కొనలేదు, రైతులయొద్ద కౌలునకు తీసికొనెను. భూమి రైతు పేరనే నిలిచినది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు. రెండేండ్లకొకమాఱు నూటికి 5 వంతున హెచ్చింపు. ఇట్లు ఇచ్చిన రైతులు రమారమి 2,300 మంది. 2018 మార్చి 1వ తేదీన ఆ కేంద్రము ప్రారంభమయ్యెను. 2019 డిసెంబరు నాటికి దాని శక్తి 2,050 మెగావాట్లకు చేరినది. ఫిన్లండు దేశపు ఫోర్టమ్ సంస్థయు, జపాను దేశపు సాఫ్ట్‌బ్యాంకు వారి సంస్థయు ఇచట కేంద్రములను నిర్మించినవి. మన తాతలు మడకశిరకును హిందూపురమునకును సంతకు పోయిరి. మన కాలమున ప్రపంచపు సంతయే మన పొలము గట్టునకు వచ్చినది.

అట్టి సమయమున ఊరికి నాయకత్వము వహించువారికి కావలసిన గుణములెవ్వి?

మొదటి గుణము: ముందుచూపు

ఎకరమునకు 21,000 రూపాయలని వినగానే కఱవు సీమ రైతునకు సంతోషము కలుగుట సహజము. వాన రాకున్నను ఆ సొమ్ము వచ్చును. ఇది చిన్న మేలు కాదు. కాని నాయకుడైనవాడు నేటి సంఖ్యను మాత్రమే చూడక, పదేండ్ల పిమ్మటి సంఖ్యను గూడ చూడవలయును. మీరు తరగతిలో నేర్చిన చక్రవడ్డి లెక్క ఇచట పనికి వచ్చును.

రెండేండ్లకొకమాఱు నూటికి 5 వంతున పెరిగినచో, 21,000 రూపాయల కౌలు మొదటి హెచ్చింపుతో 22,050 అగును. పదేండ్లలో ఐదు హెచ్చింపులు వచ్చి అది సుమారు 26,802 రూపాయలగును. ఇప్పుడు సంతలోని ధరలు ఏటేట నూటికి 5 వంతున పెరుగుచున్నవని అనుకొందము. మొదటి యేట 21,000 రూపాయలకు దొరకిన బియ్యము, పప్పు, బట్టలు పదేండ్ల తరువాత కొనవలెనన్న సుమారు 34,207 రూపాయలు కావలయును. కౌలు పెరుగుచునే యున్నది. అయినను ఎకరమునకు 7,400 రూపాయలకు పైగా కొఱత పడినది. ధరలు అంత వేగముగ పెరుగకున్న కొఱత తగ్గును. ఇంకను వేగముగ పెరిగినచో కొఱత హెచ్చును.

'హెచ్చింపు ఏటేట నుండునా, రెండేండ్లకా?' అను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని ఆ ప్రశ్న సంతకమునకు ముందు అడుగవలసినది. సంతకమైన పిమ్మట అడిగి ప్రయోజనము లేదు. దానిని సమయమునకు అడుగగల వ్యక్తి ఊరిలో ఒక్కరున్నను, వారే ఊరికి కన్ను.

రెండవ గుణము: అర్థమును చేరవేయుట

మన రాష్ట్రమున భూమి పత్రములు కన్నడమున నుండును. విదేశపు సంస్థల వ్యవహారము ఇంగ్లీషున నుండును. మన ఇండ్లలో అవ్వతాతలు మాటలాడునది తెలుగు. కాగితముపై నున్న అర్థము అవ్వ చెవికి చేరనిచో, ఆమె వేసిన వ్రేలిముద్రకు విలువ యేమి? కనుక సరిహద్దు సీమలో నాయకుని మొదటి పని ఉపన్యాసము కాదు, అనువాదము.

దీనికి తెలుగువారిలోనే గొప్ప నిదర్శనము కలదు. భారతదేశపు ద్వారములు ప్రపంచ వాణిజ్యమునకు విశాలముగ తెఱువబడినది 1991లో. విదేశీ ద్రవ్యము కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలునంతగా తఱిగిపోయిన ఆ యేట ప్రధానమంత్రి పదవిని స్వీకరించినవారు శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారు. ఆయన 1921లో వరంగల్లు ప్రాంతపు లక్నేపల్లియను పల్లెలో జన్మించిరి. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, సంస్కృతము, ఇంగ్లీషు మున్నగు పెక్కు భాషలు ఆయనకు వచ్చును. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' అను పేర హిందీలోనికి తెచ్చిరి. మరాఠీ రచయిత హరినారాయణ ఆప్టే నవలను 'అబల జీవితము'గా తెలుగు చేసిరి. తెలుగువాడై యుండియు మహారాష్ట్రమున రామ్‌టెక్ ప్రజలచే లోకసభకు ఎన్నుకొనబడిరి. ఒక భాషలోని జీవమును మఱొక భాషలోనికి తెచ్చుట తెలిసినవానికి, ఒక వర్గమువారి మాటను మఱొక వర్గమువారికి తెలుపుట సులువగును. ఆయన విధానములను మెచ్చినవారును కలరు, విమర్శించినవారును కలరు. ఆ భాషాసంపదను కాదన్నవారు లేరు.

మూడవ గుణము: వినయము

అనంతపురము జిల్లాలో బుక్కాపురమను పల్లె కలదు. మైక్రోసాఫ్ట్ సంస్థకు 2014 ఫిబ్రవరి 4వ తేదీన అధిపతియైన శ్రీ సత్య నాదెళ్లగారి తండ్రి శ్రీ యుగంధర్‌గారిది ఆ యూరే. సత్యగారు హైదరాబాదులో పెరిగి, మన కర్ణాటకమున మణిపాలలో ఇంజనీరు చదువు చదివిరి. 2017లో ప్రకటించిన తమ గ్రంథమున బాలుడుగా క్రికెట్టు ఆడిన నాటి ముచ్చట నొకటి తెలిపిరి. ఒక పోటీలో ఆయన బంతి సరిగా వేయలేకపోగా, జట్టు నాయకుడు తానే బంతి పుచ్చుకొని ఒక ఆటగానిని ఔటు చేసెను. పిమ్మట బంతిని మఱల ఆయన చేతికే ఇచ్చెను. కుఱ్ఱవాని ధైర్యము చెడరాదని ఆ నాయకుని తలంపు. ఇతరుని మనసులోనికి పోయి చూచుటయే నాయకత్వమునకు ప్రాణమని సత్యగారు ఆ గ్రంథమున నొక్కి చెప్పిరి.

ఈ మాటను మన పొలమునకు అన్వయింతము. కౌలు సొమ్ము పహణీలో పేరున్నవారికి వచ్చును. ఆ పొలమున కలుపు తీసి కూలి తెచ్చుకొన్న స్త్రీకి పహణీ లేదు. ఆ బీడున గొఱ్ఱెలను మేపుకొన్నవానికి పహణీ లేదు. భూమి ఫలకములతో నిండినపుడు వారి బ్రతుకుతెరువు పోవును. వారికి కౌలు రాదు. కంచె లోపల కావలి పని, ఫలకములు కడుగు పని, గడ్డి కోయు పని కొందఱికి దొరకును, అందఱికి దొరకదు. సభలో ముందు వరుసలో కూర్చుండువారు భూమి కలవారు. వెనుక నిలిచి మాటలాడనివారి కష్టమును గుర్తించి వారి తరఫున అడుగువాడే నిజమైన నాయకుడు. తనకు కౌలు వచ్చినది గదా యని ఊరకుండువాడు ధనికుడు కావచ్చును, నాయకుడు కానేరడు.

తలిదండ్రులకొక మాట

'తెలుగు చదివి మా పిల్లలు ఎచటికి పోగలరు?' అని కొందఱు తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గఱపు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. అది దయచేసి ఇచ్చిన దానము కాదు. తన భాషలో ఆలోచించుట నేర్చినవాడు ఇతర భాషలలో చదివినదానిని నమ్మకముతో తూచగలడు. అయితే తెలుగొక్కటి చాలునని మేమెన్నడును చెప్పము. కన్నడము రానివాడు తాలూకా కచేరిలో పరులపై ఆధారపడును. ఇంగ్లీషు రానివాడు సంస్థల షరతులను చదువలేడు. తెలుగు మఱచినవాడు చదివినదానిని ఇంటివారికి చెప్పలేడు. మన ఊరి పేరునే చూడుడు. 'హళ్లి' కన్నడము, తెలుగున అదియే 'పల్లె'. రెండు భాషల నడుమ పుట్టుట మన పిల్లలకు కొఱత కాదు. నేటి లోకము కోరు పనికి వారు పుట్టుకతోనే సిద్ధమగుచున్నారు.

అభ్యాసము

1. మీ ఇంటనున్న పహణీనో, మఱొక కన్నడ పత్రమునో అడిగి తీసికొని, దానిని చదివి, అందలి విషయమును మీ అవ్వకు గాని తాతకు గాని తెలుగున వివరింపుడు. వారు అడిగిన ప్రశ్నలను వ్రాసికొని రండు.

2. 21,000 రూపాయల కౌలు రెండేండ్లకొకమాఱు నూటికి 5 వంతున పెరిగిన ఇరువది యేండ్లకు ఎంత యగును? ఏటేట పెరిగిన ఎంత యగును? భేదము కనుగొనుడు.

3. మీ వీధిలో పహణీలో పేరు లేనివారు ఏ పని చేసి జీవించుచున్నారో తెలిసికొని, పది వాక్యములలో వ్రాయుడు.

మూడవ ప్రశ్నకు జవాబు పుస్తకములలో దొరకదు. దానికై మీరు వీధిలోనికి నడచి, ఒకరి వాకిట నిలిచి, వినయముతో అడుగవలయును. నాయకత్వమున మీ తొలిపాఠము అదియే.