కొత్త ఊరు, కొత్త ఉద్యోగం – ఒత్తిడిని తట్టుకోవడం ఎలా?



మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన మన పిల్లలు నేడు హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. సంతోషం. కానీ అక్కడికి చేరిన మొదటి ఆరు నెలలు చాలా కష్టం. నేనూ ఆ కష్టం పడ్డవాడినే.

ఒత్తిడికి కారణాలు

పని కొత్త. మీటింగులన్నీ ఇంగ్లీషులోనే. అమెరికా వారితో పనిచేస్తే నిద్ర వేళలు మారిపోతాయి. వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైతే మనకు సాయంత్రం 6.30. జీతం రాగానే ఇంటి అప్పు, చెల్లెలి ఫీజు గుర్తొస్తాయి. ఎక్కడ చదివావంటే హాస్టల్ పేరు చెప్పడానికి జంకు. అన్నింటికన్నా పెద్దది, "నాకు రాదు" అని ఒప్పుకోవడానికి సిగ్గు.

మొదటి ప్రాజెక్టులో ఒక తప్పు ఎక్కడుందో తెలియక మూడు రాత్రులు మేలుకున్నాను. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేద్దామనుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అన్నాను. నాలుగో రోజు పక్క సీటు అతన్ని అడిగితే పది నిమిషాల్లో చూపించాడు. లెక్క రాకపోతే స్టడీ అవర్‌లో నోటుబుక్కు పట్టుకుని పక్కవాడి దగ్గరకు వెళ్ళేవాళ్ళం కదా! ఆ అలవాటును నేను ఊళ్ళోనే వదిలేసి వెళ్ళాను.

చేయవలసినవి

1. గంటసేపు ప్రయత్నించినా రాకపోతే అడగండి. మీరు ఏమేమి చేసి చూశారో కాగితం మీద రాసుకుని అడగండి.

2. నిద్ర, భోజనం మానకండి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తెలిపాయి.

3. ఇంటికి ఎంత పంపగలరో మొదటి నెలలోనే నాన్నకు చెప్పండి. కష్టంగా ఉంటే అదీ చెప్పండి.

4. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్. ఉచితం. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరును కలవడం తప్పు కాదు.

సీనియర్లకు ఒక మనవి. మన హాస్టల్ తమ్ముడు మీ నగరానికి కొత్తగా వస్తే మొదటి ఆదివారం అన్నానికి పిలవండి. "ఎలా ఉన్నావు?" అని ఒకటికి రెండుసార్లు అడగండి. మొదటిసారి అందరూ "బాగున్నానన్నా" అనే అంటారు.