పాతదనం గుడ్డకే ఉండనీ

అమ్మీ,

వద్దు. ఆ రంగును అట్లనే ఉంచొద్దు. ఉయ్యాల కమ్ముల మీద తెలుపు పెచ్చులు లేచి, దాని కింద పచ్చరంగు, ఇంకా కింద ఎరుపు కనిపిస్తా ఉంటే ఫొటో తీసి, "షాబీ షిక్ అంటే ఇదే పెద్దమ్మా, పైసా ఖర్చు లేకుండా అవ్వ అటక మీదే దొరికింది" అని మురిసిపోతా పంపినావు. చూసేదానికి బాగానే ఉంది, కాదనను. కానీ ఆరో నెలలో చిగుళ్లు దురద పెడితే నీ కూతురు ముందు కొరికేది ఆ పైకమ్మినే.

ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. అమలైంది 2017 నవంబరు నుంచి. మీ అవ్వ ఆ ఉయ్యాలకు రంగు వేయించింది మీ మామ పుట్టినప్పుడు. ఆ కాలంలో ఎరుపు, పసుపు, పచ్చ ఎనామెళ్లు అంత నిగనిగలాడేవంటే చాలావాటిలో కలిపిన సీసపు రంగుపొడి వల్లే. పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదింతలు పసిబిడ్డల ఒంటికి పడుతుందది. పోయి చేరేది మెదడుకే. అట్లని నువ్వే కూర్చొని సాండ్‌పేపర్‌తో గీకేవు సుమా, అది ఇంకా చేటు. పెచ్చుగా ఉన్నప్పుడు కంటికన్నా కనిపిస్తుంది, దుమ్మయితే గాలిలో కలిసి పాలిచ్చే నీ చీరకొంగు మీదే వాలుతుంది. ఆ ఉయ్యాలను మళ్లీ అటక ఎక్కించు. ఇత్తడి గొలుసులు మాత్రం విప్పి, చింతపండుతో తోమి దాచుకో, బాగుంటాయి.

తిరుపతిలో మీ వీధి ఆచారి చేత రంగు వేయని వేపకొయ్యతోనో మామిడికొయ్యతోనో సాదా మంచం చేయించు. కమ్మీకి కమ్మీకి మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి సందు ఉండకూడదని గట్టిగా చెప్పు. ఆయన "మేం చేసినవన్నీ ఇట్లనే గదమ్మా" అంటాడు. స్కేలు తీసుకొని నువ్వే కొలువు.

షాబీ షిక్ అని నువ్వు అనే ఆ అరిగిన పాతరూపు కొత్తరంగుతోనే వస్తుంది. నీళ్లలో కలిసే రంగు, డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్నది కొను. ముందు లేత గోధుమరంగు ఒక పూత. ఆరినాక కొవ్వొత్తి తీసుకొని మంచం కాళ్లకు, బయటి మూలలకు గట్టిగా రుద్దు. దాని మీద తెల్ల పూత వేసి, అది కూడా ఆరినాక సాండ్‌పేపర్‌తో మెల్లగా అంటే చాలు, మైనం ఉన్నచోట తెలుపు లేచిపోయి కింది రంగు తొంగిచూస్తుంది. ఊడే రంగంతా అక్కడే నీ చేత్తో ఊడగొట్టెయ్, తడిగుడ్డతో తుడిచెయ్. నోరు ఆనే పైకమ్మికి మాత్రం ఏ రంగూ వద్దు, ఉత్త కొయ్యను నున్నగా చేయించు. బిడ్డకు ఐదో నెలలో గదా నువ్వు చిత్తూరులో పుట్టింటి నుంచి తిరుపతికి బయల్దేరేది? మూడు వారాల ముందే పని ముగించి, కిటికీలు తెరిచిపెట్టమని మీ ఆయనకు చెప్పు, వాసన పోవాల.

ఇక్కడ నా చాదస్తం ఒకటి వినాలి నువ్వు. పసిబిడ్డ గదిలో పాతదనం గుడ్డలో ఉండాల, కొయ్యలో కాదు, రంగులో కాదు. ఈ షాబీ షిక్ అనే పేరుతో 1989లో అమెరికాలో శాంటా మోనికాలో అంగడి తెరిచింది రేచల్ ఆష్‌వెల్ అనే ఇంగ్లండు ఆవిడ. ఆమె కూడా పాత సోఫాలకు ఉతికి ఆరేసుకునే తెల్ల నూలుముసుగులు తొడిగే పేరు తెచ్చుకొనింది. నీకు ఫొటోల్లో పెచ్చులే కనబడినాయి, ఉతుకు కనబడలా.

మన ఇండ్లల్లో పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది ఏంది? పాత గుడ్డే గదా. పట్టుపావడా ఎంత ఖరీదుది తెచ్చినా, ముందు అవ్వ పాత నూలుచీర చించి అందులోనే చుట్టేది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, పోగు బిర్రుగా ఉండి ఒరుసుకుంటుంది. ఏండ్ల తరబడి ఉతికి ఉతికి గంజంతా పోయి, పోగు వదులై, చెమటను ఇట్టే పీల్చుకునే గుడ్డను ఏ అంగట్లోనూ కొనలేం. తిరుపతి ఎండ నలభై దాటినప్పుడు ఆ మెరిసే సింథటిక్ గులాబీ దుప్పట్ల మీద పడుకోబెట్టి చూడు, వీపంతా చెమటకాయలే. మీ అమ్మ బీరువాలో అడుగున రెండు వెంకటగిరి నూలుచీరలు ఉండాలి, ఒకటి లేత గులాబీ, ఒకటి మీగడ తెలుపు. అడిగితే ఇయ్యదు. నా పేరు చెప్పు.

వాటితో బొంత కుట్టు. పొరలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బిగలాగి, నడుమ నుంచి అంచులకు రన్నింగ్ కుట్టు వేసుకుంటా పో. అంచు నుంచి మొదలుపెడితే నడుమ బుడ్డలు లేస్తాయి. కుట్టు కొంచెం వంకరపోయినా విప్పొద్దు. పొరల మధ్య దూది కూరొద్దు, బొంత పలచగా, బిగుతుగా ఉండాల. పరుపు మీద పరిచి అంచులు కిందికి దోపు. బిడ్డ మీద మాత్రం కప్పొద్దు. ఆ షాబీ షిక్ ఫొటోల్లోని కుచ్చుల దిండ్లు, మంచం చుట్టూ కట్టిన మెత్తలు చూసి ఆశపడతా ఉన్నావని తెలుసు. ముక్కుకు అడ్డం పడి ఊపిరాడదని ఆ మెత్తల అమ్మకాన్నే 2022లో అమెరికా నిషేధించింది. వెల్లకిలా పడుకున్న బిడ్డ, కింద బొంత, అంతే. కుచ్చులు కావాలంటే కర్టెన్లకు పెట్టుకో, నర్సాపురం లేసు తెచ్చి అంచుకు కుట్టుకో.

మంచం మీద ఆ రాణీవాసం పందిరి సంగతి అడిగినావు. అది మన దోమతెర మే! తెల్ల నూలుది గుండ్రంగా వేలాడేది కొను, అందానికి అందం, తిరుపతి దోమలకు మందు. తాళ్లు బిడ్డ చేతికి అందకుండా పైకి కట్టు.

గోడల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. బాడుగ ఇల్లు, దానికి రంగు వేయాల్సింది ఇంటాయన. ఒకవేళ ఒప్పుకొని, గోడ పాత సున్నం గోడే అయితే, తెల్లసున్నంలో గంటెడు కావి, కొంచెం తుమ్మబంక కలిపి వేయించు, మట్టివాసన లాంటి గులాబీ వస్తుంది. ఎమల్షన్ వేసిన గోడకైతే సున్నం నిలబడదు, రాలిపోతుంది.

ఆ గోడకు పూలదండల కాగితం బదులు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి తగిలించు. కరక్కాయ, బర్రెపాలలో నానబెట్టిన గుడ్డ మీద, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నానేసిన నల్ల కసింతో గీత గీసి, స్వర్ణముఖి నీళ్లలో ఉతికి ఉతికి చేసే పని అది. కొత్తదే పాతదాని మాదిరి మెత్తటి రంగుల్లో ఉంటుంది. పెద్దది కొనలేవు, జానెడు చెట్టు బొమ్మ చాలు. గాంధీరోడ్డులో కొంటే ఆ చెట్టులో రెండు ఆకుల్ని పోల్చి చూడు. రెండూ అచ్చు ఒకే మాదిరి ఉంటే అది అచ్చుగుడ్డ, కలంతో గీసింది కాదు. ఎండ తగిలే గోడకు వద్దు, వెలిసిపోతుంది.

అన్నట్టు, కర్టెన్లు నేనే కుడతా. కిటికీ కొలతలు పంపు. కడ్డీ నుంచి గచ్చు దాకా ఎంతో, అడ్డం ఎంతో విడివిడిగా రాయి. పోయినసారి మాదిరి అన్నీ కలిపి ఒకే అంకె రాసి పంపితే నేను కుట్టను.

నీ పెద్దమ్మ