పని తెలియని మాంసకృత్తు

మన పీణ్యలోని కర్మాగారములలో ఒక యంత్రభాగమును చేయుటకు ముందు దాని డ్రాయింగును సిద్ధపరచుదురు. అందులో ఒక్క కొలత తప్పినను భాగము అమరదు. మన శరీరమునందలి దాదాపు ప్రతి జీవకణములోను ఇట్టి డ్రాయింగులు సుమారు ఇరువది వేలు కలవు. వానినే జన్యువులందురు. ఒక్కొక్క జన్యువు ఒక మాంసకృత్తును, అనగా ప్రోటీనును, ఎట్లు కూర్చవలెనో నిర్దేశించును.

మూడవ క్రోమోజోముపై నున్న ఒక జన్యువు బ్యూటిరిల్ కోలినెస్టరేజు అను మాంసకృత్తును తయారుచేయించును. పేరు పలుకుట కష్టమే. నాలుగుసారులు పలికినచో నాలుకకు అలవడును. ఇది కాలేయములో పుట్టి రక్తములో తిరుగుచుండును. 574 అమైనో ఆమ్లములు వరుసగా చేరి ఒక గొలుసగును. అట్టి గొలుసులు సాధారణముగ నాలుగు కూడి ఒక అణువగును. దీనికి తోబుట్టువు వంటి అసిటైల్ కోలినెస్టరేజు నాడులనుండి కండరములకు పోవు సందేశములను సకాలమున ముగించును. అది లేనిదే మనిషి బ్రదుకడు. మరి దీని సహజమైన పని యేమి? ఇది బొత్తిగా లేనివారును తిని, తిరిగి, ఆరోగ్యముగ జీవించుచున్నారు! కొన్ని పురుగుమందుల విషమును ఇది తనపై వేసికొని కొంత అడ్డగించును. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోనును విరుచునని ఎలుకలపై జరిగిన పరీక్షలు చూపినవి. అయినను ప్రకృతి దీనిని ఎందులకు నిర్మించినదో ఇంకను నిశ్చయముగ తేలలేదు.

దీని లోపము బయటపడు చోటు శస్త్రచికిత్సాగృహము. రోగి కంఠములో శ్వాసగొట్టమును అమర్చుటకై కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందును వైద్యులు 1951 ప్రాంతమునుండి వాడుచున్నారు. రక్తములోని ఈ మాంసకృత్తు ఆ మందును విరిచివేయుటచే కొద్ది నిమిషములలో కండరములు తేరుకొనును. మాంసకృత్తు లేనిచో గంటలకొలది తేరుకొనవు. ఊపిరి తీయు కండరములును అంతే. అంతవరకు యంత్రముతో శ్వాస నిచ్చుచు, రోగిని నిద్రలో నుంచినచో ప్రమాదము లేదు. ఎరుగక గొట్టమును తీసివేసినచో ప్రాణాపాయమే. ఈ లోపము వంశానుగతమని 1957 నాటికి టొరంటోలో వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

ఈ కథ తెలుగువారి యింటికి ఎట్లు వచ్చినది? కోయంబత్తూరులోని వైశ్య కుటుంబములలో ఈ లోపము అరుదు కాదని గమనించి, అచటి పరిశోధకులు అమెరికాలోని ఆక్సానా లాక్రిడ్జ్ ప్రభృతులతో కలిసి 2006లో కారణమును ప్రకటించిరి. గొలుసులో 307వ స్థానమున ల్యూసీను ఉండవలసినచోట ప్రోలీను వచ్చినది. ప్రోలీను గొలుసును వంచు స్వభావము గలది. అందుచే మడతలు కుదరవు. తల్లిదండ్రులిరువురి నుండియు మారిన ప్రతి సంక్రమించినప్పుడే లోపము పూర్తిగ కలుగును. ఇరువురును ఒక్కొక్క ప్రతి కలవారైనచో ఒక్కొక్క బిడ్డకు నాలుగింట ఒక పాలు అవకాశము.

సగోత్రమున వివాహమాడము గదా, మాకెట్లు వచ్చునని పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2009 నాటి పరిశోధన దీనికి సమాధానము చెప్పినది. వైశ్యులు నూరు తరములకు పూర్వమే కొద్దిమంది మూలపురుషుల నుండి విస్తరించి, నాటినుండి తమలో తామే సంబంధములు కలుపుకొనుచు వచ్చిరి. ఆ కొద్దిమందిలో ఒకరియందున్న మార్పు నేడు అన్ని గోత్రములలోను ఉండవచ్చును. ఇది ఎవరికిని కళంకము కాదు. ఇతర దేశములలోను, ఇతర కులములలోను ఇదే జన్యువులో వేరు మార్పులు కలవు.

మన ప్రాంతపు ఆసుపత్రులలో మత్తు వైద్యుడు కన్నడములోనో ఇంగ్లీషులోనో ఒక ప్రశ్న వేయును: "మీ యింట ఎవరికైనను మత్తుమందుచే ఇబ్బంది కలిగినదా?" అర్థము కాక తల్లి "లేదు" అనును. మూడు భాషలు నేర్చిన విద్యార్థి ప్రక్కనే ఉండును. అతడు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పి, మేనమామకు శస్త్రచికిత్సానంతరము ఊపిరి ఆలస్యముగ వచ్చిన సంగతిని వైద్యునికి తెలుపవచ్చును. పిమ్మట రక్తపరీక్షతో లోపమును తెలిసికొందురు. సక్సినైల్ కోలినుకు బదులు రోకురోనియమ్ వంటి మందు కలదు. మైవాక్యూరియమ్ మాత్రము పనికిరాదు. దానిని విరుచునదియు ఈ మాంసకృత్తే.